పప్పుగుత్తి అచ్చు కోసం అశోక్‌నగర్ దాకా

అమ్మ పోయాక ఆమె వంటింటి సామాను పంచే పని నామీద పడింది. ఇలాంటి పనులు నేను జాబితా లేకుండా చేయను. ఇత్తడివి, స్టీలువి విడివిడిగా రాసి, నాకూ మా చెల్లెలు పద్మకూ సమానంగా వేశాను. పద్మ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే అమ్మ పప్పుగుత్తి నా సంచిలో ఉంది. నలభై ఏళ్ళు వాడిన చెక్క అది, పిడి మీద అమ్మ బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంటుంది. "అన్నీ సమానంగానే పంచావు సరే. పప్పుగుత్తి ఒక్కటే కదా, దాన్నెలా పంచావక్కా?" అని అడిగింది పద్మ. చిన్న వస్తువులు లెక్కలో రాయలేదన్నాను. ఆ మాటకి లేచి వెళ్ళిపోయింది. తర్వాత తొమ్మిది నెలలు మా మధ్య ఫోను కూడా లేదు.

ఈ మధ్య ఒక స్నేహితురాలి ఇంట్లో గోడకి ఒక నల్లటి బొమ్మ చూశాను. అది చేత్తో తీసిన అచ్చనీ, అలాంటివే ఇంకో నాలుగిళ్ళలో ఉన్నాయనీ చెప్పింది. పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీయొచ్చట. ఒక్క పప్పుగుత్తిని ఇద్దరికీ పంచే దారి దొరికిందనిపించింది. బొమ్మ పద్మకి ఇస్తాను, పప్పుగుత్తి నా దగ్గర ఉంటుంది. నేర్పే ఆవిడ పేరు రజిత, ఉండేది అశోక్‌నగర్‌లో. రోజంతా నేర్పడానికి సామగ్రితో కలిపి తొమ్మిది వందలు. పద్మ ఇల్లు రాంనగర్‌లోనే కాబట్టి ఒకే రోజులో రెండు పనులూ అవుతాయని లెక్క వేసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరుంపావుకి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, ఏడు కాకముందే చిక్కడపల్లిలో దిగాను. టికెట్టు ముప్పై చిల్లర. ఆ వేళకి కూర్చోవడానికి సీటు కూడా దొరుకుతుంది. స్టేషను మెట్ల కింద చేతిలో చిన్న నోటుపుస్తకంతో రజిత నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, సిద్దిపేట వైపు మనిషి. అచ్చుబొమ్మల పని నేర్చుకోవడానికి ఏడాదిపాటు వేల్స్‌లో ఉందట. ఇంగ్లండుకి ఆనుకునే ఉన్నా, తన భాష తనకున్న కొండల దేశం అది. "ముందు బొమ్మ గీద్దాం, తర్వాతనే ఇంటికి పోదాం," అంది. రోజూ ఉదయం ఒక వస్తువు, ఒక పేజీ, పెన్నుతో. ఇదీ ఆమె నియమం. వారానికి పోగైన ఏడు పేజీల్లోంచి ఒకటి ఎంచుకుని ఆదివారం చెక్కుతుంది.

నారాయణగూడ వైపు వెళ్ళే దారిలో ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. బండి అతను ఆమెని చూడగానే మొదలుపెట్టాడు.

"ఏంది మేడం, ఇయ్యాల కొత్త అక్కను తెచ్చిండ్రు? ఇద్దరు కలిసి నా పెనం ఫోటో తీస్తరా?"

"ఫోటో కాదన్నా, బొమ్మ."

"గదే. మూడేండ్ల సంది గీస్తున్నరు. పెనం గీసిండ్రు, బకెట్ గీసిండ్రు, నా మొహం ఒక్కపారన్న గియ్యలే."

"పెనం కదలదన్నా. నువ్వు జర కుదురుగ నిలవడు, గీస్తా."

"నేను నిలవడితే దోసె మాడుతది!"

ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంది. నేను చట్నీ గరిటె గీయబోయి రెండో గీతకే రబ్బరు అడిగాను. "రబ్బరు లేదక్క. తప్పు గీత పక్కకే ఇంకో గీత గియ్యుండ్రి," అంది రజిత. తప్పుని కొట్టేయకుండా అలాగే కనబడేలా వదిలేయడం నాకు చేతకాని పని. పన్నెండు నిమిషాలు పట్టింది. నా గరిటెకి మూడు అంచులు వచ్చాయి.

అక్కణ్ణుంచి అశోక్‌నగర్ నడకే. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఆ వేళకే పుస్తకాలు చంకన పెట్టుకుని స్టడీ హాళ్ళకి పోతున్నారు. ఒక హాస్టల్ పక్కన, రెండో అంతస్తులో రజిత గదులు. గోడ నిండా చెంచాల అచ్చులే. ఇన్ని చెంచాలు ఎందుకని అడిగాను.

"వేల్స్‌ల పాత రివాజు అక్క. పిలగాడు ఇష్టపడ్డ పిల్లకి కట్టె చెంచా చెక్కి ఇచ్చేటోడు. ఒక్కటే కట్టె, యాడ అతుకు ఉండొద్దు. పిడి మీద గొలుసు, తాళంచెవి, చక్రం, ఇట్ల గుర్తులు చెక్కుతరు. చక్రమంటే నీ కోసం కష్టపడతా అని."

"పిల్లకి నచ్చకపోతే?"

"చెంచా వాపస్!" అని నవ్వింది. "మా ఊరి పిలగాండ్లకి అంత ఓపిక ఉంటే నేను ఎన్నడో పెండ్లి చేసుకుందును."

ఆమె ఉన్న పల్లెలో చెంచాలు చెక్కే ఒక ముసలాయన ఉండేవాడట. కత్తి పట్టేముందు ఆ రోజు కంటబడిన ఏదో ఒక వస్తువు బొమ్మ గీసేవాడట. రజిత నోటుపుస్తకం అలవాటు ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. ఆమె చెంచాల పిడి మీద ఉన్న గొలుసు పక్క హాస్టల్ గేటుది. చక్రం టిఫిన్ బండిది. తాళంచెవికి గది నంబరు బిళ్ళ వేలాడుతోంది. ఆ దేశపు పద్ధతి ఈ వీధి వస్తువులతో ఇంత బాగా అతుకుతుందని నేననుకోలేదు. ఒక్కో బొమ్మ దగ్గరా ఇది ఎక్కడిది, అది ఎక్కడిది అని అడుగుతూ అరగంట గడిపేశాను.

తర్వాత సంచిలోంచి పప్పుగుత్తి తీసి, నా ఆలోచన చెప్పాను. రజిత దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమె బొటనవేలు తనంతట తనే ఆ గుంటలోకి పోయింది.

"అంటే చెల్లెకు కాయితం, మీకు కట్టెనా?"

"వాళ్ళింట్లో సామాను ఎక్కువ. పెట్టుకునే చోటు ఉండదు," అన్నాను.

"చోటు సంగతి నేను అడగలే అక్క," అని ఉలి నా చేతికిచ్చింది.

తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా చెక్కాను. పలక లినోలియం, రబ్బరులా మెత్తగా ఉంటుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. నల్ల సిరా రోలరుతో పూసి, పైన కాగితం పరిచి, చెక్క గరిటె వీపుతో రుద్దాం. కాగితం ఎత్తి చూశాను. కుడివైపు ఉండాల్సిన గుంట ఎడమవైపు వచ్చింది.

"అయ్యో, చెప్పుడు మర్చిన! అచ్చుల ఎప్పుడైనా అద్దంల లెక్కనే తిరగబడతది. ముందుగాల బొమ్మనే తిప్పి గియ్యాలె. మళ్ళ చెక్కుదామా?"

పప్పుగుత్తిని అచ్చు పక్కన పెట్టి చూశాను. అమ్మ పప్పు మెదిపేటప్పుడు నేను ఆమె పక్కన కూర్చుని కొబ్బరి తురిమేదాన్ని. పద్మ కంచం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఎదుటి నుంచి చూస్తే ఆ గుంట ఎడమవైపే ఉంటుంది. ఆ వంటింట్లో అన్ని వస్తువులూ నాకు తెలుసనుకున్నాను కానీ, అటువైపు కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు.

వద్దు, ఇలాగే ఉండనీ అన్నాను. చుట్టి ఇస్తే ఇప్పుడే రాంనగర్ తీసుకెళ్తానన్నాను.

"ఎట్ల తీస్కపోతరు? సిరా ఆరాలంటే మూడు రోజులు పడతది," అంటూ రజిత దాన్ని తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీసింది. నా లెక్కలో ఈ మూడు రోజులు లేవు. ఆరాక రమ్మంటుంది, వస్తాను కూడా. కానీ రాంనగర్ మాత్రం మళ్ళీ వాయిదా పడుతుందని నాకు బాగా తెలుసు. సంచిలో ఉన్నది పప్పుగుత్తి ఒక్కటే.

కిందికొచ్చి ఆటో ఆపి రాంనగర్ అంటే వంద అన్నాడు. పది నిమిషాల దారికి వందేమిటన్నాను. "మేడం, సందులన్నీ జామ్ ఉన్నయ్, నేను పరేషాన్ ఉన్న. ఎనభై ఇయ్యుండ్రి," అన్నాడు. ఎక్కాను.

తలుపు తీసిన పద్మ అడ్డంగానే నిలబడింది. "తొమ్మిది నెలలకి దారి దొరికిందా అక్కా?"

"ఆటో అతనికి దొరికింది. ఎనభై తీసుకున్నాడు."

నవ్వలేదు. పప్పుగుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది నీదే. ఆ రోజు నిన్ను అడగకుండా సంచిలో వేసుకున్నాను. తప్పు."

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి నీకో?"

"నాకు బొమ్మ ఉంది. ఆరుతోంది."

"బొమ్మేంటి, ఆరడమేంటి?"

"లోపలికి రానిస్తే చెప్తాను."

పక్కకి జరిగింది.

కొండల దేశంలో ఎవరో ముసలాయన చెంచాలు చెక్కుకుంటుంటే దానికీ మా వంటింటికీ సంబంధమేమిటని ఉదయం అనుకున్నాను. రజిత చెప్పిన రివాజులో నన్ను పట్టుకున్నది గొలుసులూ చక్రాలూ కాదు, చెంచా చెక్కినవాడు దాన్ని దాచుకోడు, ఇచ్చేస్తాడన్న సంగతి. ఇప్పుడు నేనూ రోజుకొక పేజీ గీస్తున్నాను, రబ్బరు లేకుండా. మీలో ఎవరైనా ఇలా అచ్చు నేర్చుకోవడానికి వెళ్తే, బొమ్మ అదే రోజు చేతికొస్తుందనుకోకండి. ఆరాక తెచ్చుకోవడానికి ఇంకో పూట అట్టేపెట్టుకోండి. నేను గురువారం వెళ్ళి తెచ్చుకున్నాను, పద్మ కూడా వచ్చింది. టిఫిన్ బండి దగ్గర రెండు ప్లేట్లు చెప్పాం.