వన్స్ మోర్ అన్న చోట ఆగిన క్యూ

2006లో నేను దుబాయ్‌లో ఒక ప్రైవేటు నాటకశాలలో స్టేజ్ మేనేజర్‌గా ఉన్నాను. హెడ్‌సెట్ పెట్టుకుని వేదిక పక్కన కూర్చుని, ఏ మాట పూర్తయ్యాక ఏ లైటు ఆరాలో, తెర ఎప్పుడు పడాలో చెప్పడం నా పని. ఆ ఆజ్ఞను క్యూ అంటారు. నటన ఎవరిదైనా సరే, క్యూ తప్పితే మాత్రం చీవాట్లు నాకే.

ఆ ఏడాది ఐర్లండ్ నుంచి ఒక బృందం నాటకం తెచ్చింది. రాసినాయన కూడా వెంట వచ్చాడు. నలభై ఏళ్లుగా రాస్తున్న మనిషి, లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పేరు మారుమోగినవాడు. ఆయన నాటకాలన్నీ పని కోసం సముద్రం దాటి ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టిన, సొరంగాలు తవ్విన తనవాళ్ల గురించే. మొదటి నాటకానికి సొంత ఊరివాళ్లే పరువు తీశాడని తిట్టారట. పేరొచ్చాక వాళ్లే మావాడన్నారట. మాటల మధ్య మౌనం ఎంతసేపుండాలో కూడా రాసిపెట్టేవాడు. ఎక్కడో ఒక దర్శకుడు ఒక మౌనాన్ని ఎగరగొట్టాడని నాటకాన్నే వెనక్కి లాక్కున్నాడని చెప్పుకునేవారు. మా ఒప్పందంలోనూ ఆ షరతు ఉంది. మాట మారినా, ఆట మధ్యలో ఆగినా నాటకం ఆయనది ఆయన తీసుకుపోవచ్చు. అదే జరిగితే నీ వీసా ఖలాస్ అని మా ముదీర్, అంటే మేనేజరు, నాకు ముందే చెప్పాడు.

ప్రారంభానికి ముందురోజు డ్రెస్ రిహార్సల్. వేషాలు, లైట్లు అన్నిటితో అసలు ప్రదర్శనలాగే సాగుతుంది. ఖాళీ కుర్చీల ముందు ఆడించేది లేదని ఆయన పట్టుబట్టాడు. అప్పటికప్పుడు జనాన్ని ఎక్కణ్ణుంచి తేను? ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని కూలీల క్యాంపులో ఉండే గంగారాం అనే నిజామాబాద్ మేస్త్రీ నాకు తెలుసు. శుక్రవారం సెలవు గనక బస్సు నిండా మనుషుల్ని తెచ్చాడు. ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి కథ ముందే తెలుగులో చెప్పాను. ఫోన్లు మోగకూడదు, ఈలలు వద్దు, మధ్యలో లేవొద్దు అని మరీ మరీ చెప్పాను.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. మావోళ్లు సప్పుడు జెయ్యరు," అన్నాడు గంగారాం.

నిజంగానే చేయలేదు. చివరి ఘట్టంలో ఒక ముసలి కూలీ, చనిపోయిన తోటివాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. పేర్లు గనక భాష అడ్డురాలేదు. ఆ తర్వాత తన దుఃఖం గురించి నాలుగు వాక్యాలు, ఆపైన మౌనం, మౌనం తర్వాత చీకటి. నేను క్యూ ఇవ్వబోతున్నాను.

"వన్స్ మోర్!" అని గంగారాం కేక వేశాడు. "పెద్దాయినా, మల్లొక్కసారి జెప్పు!" హాలంతా అందుకుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మన వైపు నాటకాల్లో పద్యం నచ్చితే అలాగే అడుగుతాం, నటుడు మళ్లీ పాడి తీరాలి. వాళ్ల లెక్కలో అది అల్లరి కాదు, మర్యాద. ఐర్లండ్ ఆయనకు అదెలా తెలుస్తుంది? క్యూ ఇస్తే వాళ్లను అవమానించినట్టు, ఇవ్వకపోతే ఆట ఆగినట్టు. వేదిక మీద నటుడు బిగుసుకుపోయి నావైపే చూస్తున్నాడు. నేను క్యూ ఇవ్వలేదు.

రచయిత విసవిసా వచ్చి ఏమంటున్నారని అడిగాడు. నచ్చింది, మళ్లీ చెప్పమంటున్నారు, మా దగ్గర అది ఆచారం అని చెప్పాను. ఆయన మొహంలో నాకేమీ కనబడలేదు. నటుడి వైపు తిరిగి, మళ్లీ చెప్పమని చెయ్యి ఊపాడు.

రెండోసారి రచయిత కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక నేను క్యూలు రాసుకున్న నాటకం పుస్తకం లాక్కుని, పేర్ల తర్వాత ముసలాయన తన దుఃఖాన్ని వివరించే నాలుగు వాక్యాలూ కొట్టేశాడు. వెంటనే ఇంకోసారి వింటే గానీ అవి అక్కర్లేదని తెలియలేదట. షరతు సంగతి మాత్రం ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. ఆ రాత్రి కునుకు పడితే ఒట్టు.

మర్నాడు టికెట్లు కొన్న జనం వచ్చారు. ఆ ఘట్టానికి ఆయన నా కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డాడు. పేర్లు అయ్యాయి. మౌనం కూడా అయింది. క్యూ ఇవ్వబోతుంటే నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. తను రాసిన మౌనం దాటి ఆయనే ఎదురుచూస్తున్నాడు. హాలు మర్యాదగా కూర్చుని ఉంది. ఎవరూ అడగలేదు. చెయ్యి తీశాడు, లైట్లు ఆర్పించాను.

క్యూ పుస్తకంలోనే ఉంటుంది, కానీ ఇచ్చే ముందు హాలును వినాలి. ఆ ఉద్యోగం నాకు నేర్పింది అదే. రిటైరయ్యేదాకా అలాగే విన్నాను. మళ్లీ ఎవరూ వన్స్ మోర్ అనలేదు.