తాగకే తల్లీ

ఆదివారం పొద్దున రాజుల సీరియల్ మొదలయ్యే వేళకి పక్కవాటా అత్త మా టీవీ ముందు చేరేది. రాజు చనిపోయాక, రాణిని నమ్మించి సింహాసనం కాజేయాలని చూసే రాజు తమ్ముడి కథ అది. అతను విషం కలిపిన పాలగిన్నెతో రాణి ముందు వంగి నిలబడితే చాలు, అత్త తెర కేసి అరచెయ్యి అడ్డం పెట్టేది.

"తాగకే తల్లీ! ఆడి నవ్వు సూడు!"

మామయ్య పోర్టులో పనిచేస్తూ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ ఉద్యోగం అత్తకే ఇస్తామన్నారు. ఓ ఆదివారం సీరియల్ మధ్యలో ఆవిడ మరిది వంజరం చేప పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"ఆడదానివి, పోర్టులో నీకేటి పనొదినా? ఈ కాయితం మీద సంతకం ఎట్టియ్యి. ఉజ్జోగం నాను సేత్తాను. నువ్వు ఇంట్లో రాణీలాగ కూకో."

అత్త తెర మీంచి చూపు తిప్పకుండానే సంతకం పెట్టింది. "నా మరిది బంగారం" అని మా అమ్మతో మురిసింది కూడా. ఆ చేప పులుసులో నడిమి ముక్కలన్నీ ఆ బంగారమే తిని వెళ్ళాడు.

కొన్నేళ్ళకి పెందుర్తిలో అతను కట్టుకున్న ఇంటికి వెళ్ళాను. అత్త వంటింటి గడపలో కూర్చుని అంట్లు తోముతోంది. హాల్లో అదే సీరియల్ మళ్ళీ వేస్తున్నారు. పాలగిన్నె వచ్చింది. ఆవిడ చెయ్యి లేస్తుందని చూశాను.

"టీ ఏదొదినా?" అని మరిది హాల్లోంచి కేకేశాడు.

అత్త తడిచెయ్యి చీరకి తుడుచుకుని లేస్తూ, రాణి కేసి చూసింది.

"తాగెయ్యే తల్లీ. సొంత మరిదే గదా."