సొంతవాళ్లకి ఒక మార్కు తక్కువ

ఆరేళ్ల కిందట ఒక ఏప్రిల్ సాయంత్రం, ఐర్లండ్‌లో నేస్ అనే ఊరి పక్కనున్న ఒక క్రికెట్ క్లబ్బులో పదమూడేళ్ల లోపు పిల్లల జట్టుని ఎంపిక చేస్తున్నారు. బల్ల చుట్టూ అయిదుగురు సెలెక్టర్లు. నలుగురు ఐరిష్ మగవాళ్లు, అయిదో మనిషి వసుంధర, వాళ్ల నోట 'వాస్'. బాగా ఆడిన పిల్లల పేర్లు చదువుతూ ఆమె వరసగా రెండు భారతీయ పేర్లు చదివింది. పెద్ద సెలెక్టరు డెక్లాన్ నవ్వి, "ఏం వాస్, మీవాళ్లని చూసుకుంటున్నావా?" అన్నాడు. బల్లంతా నవ్వింది. వసుంధర కూడా నవ్వింది.

ఆ రోజు జాబితాలో డెక్లాన్ కొడుకు ఉన్నాడు, అన్న కొడుకూ ఉన్నాడు. వాళ్ల మీద ఎవరూ జోకు వెయ్యలేదు.

ఇంటికొచ్చి భర్త వెంకట్‌కి కూడా చెప్పలేదు వసుంధర. చెప్పడానికి ఏముంది? ఎవరూ తిట్టలేదు, బయటికి పొమ్మనలేదు. కాని మరుసటి ఏడాది నుంచి ఒక పని మొదలుపెట్టింది. మన పిల్లలెవరొచ్చినా, మనసులో వేసిన మార్కులో ఒకటి కోసేసి మిగతాది కాగితం మీద రాసేది. తనని ఎవరూ వేలెత్తి చూపకూడదు. అంతే.

వసుంధరది తెనాలి. యూనివర్సిటీ జట్టుకి మూడేళ్లు ఓపెనర్. ఇప్పుడు నలభై మూడు. డబ్లిన్ శివార్లలో చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే రోజంతా ఎదుటివాళ్ల కోడ్‌లో తప్పులు పట్టడం. శనివారాలు మాత్రం క్లబ్బువి. నెట్స్ పక్కన టోపీ చెవులదాకా లాక్కుని, అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడుతుంది. కూర్చోమంటే కూర్చోదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

ఎంపికలో ఒక్కో పిల్లకి పన్నెండు బంతులు, పదికి మార్కులు వేసేది ఒక్క సెలెక్టరే. చుట్టూ నిలబడ్డ తల్లిదండ్రులు ఎంత దూరం కొట్టారో చూస్తారు. వసుంధర ఏ బంతిని వదిలేశారో చూస్తుంది. ఒక బంతి తప్పిపోయాక, దాని తరవాత బంతికి పాదం ఎటు కదిలిందో చూస్తుంది. భయపడ్డ పాదం వెనక్కి పోతుంది. ఆలోచిస్తున్న పాదం ఒక్క క్షణం ఆగుతుంది. పన్నెండేళ్ల పిల్లాడి భుజబలం రెండేళ్లలో ఎలాగూ వస్తుంది, ఏ బంతి తనది కాదో తెలియడం మాత్రం అంత తేలిగ్గా రాదు అంటుంది. ఒకసారి ఓషీన్ అనే రైతు బిడ్డ వచ్చాడు. ఐరిష్ వాళ్ల కర్ర ఆట హర్లింగ్ ఆడి ఆడి, బ్యాటుని కూడా హర్లింగ్ కర్ర పట్టినట్టే పట్టుకున్నాడు. మిగతా సెలెక్టర్లు పెదవి విరిచారు. "పట్టు మార్చొచ్చు. ఆ కళ్లు మీరు నేర్పగలరా?" అని వసుంధర ఎనిమిదిన్నర వేసింది. ఈ వేసవిలో ఓషీన్ పెద్ద జట్టుకి మూడో నంబరులో ఆడుతున్నాడు.

అంత చూపున్న మనిషి తన చూపుకి తానే గంతలు కట్టుకుంది.

ఈ ఏడు ఏప్రిల్‌లో మధులిక వచ్చింది. పన్నెండేళ్లు. నాన్న రాఘవులు కరీంనగర్ మనిషి, నేస్‌లోనే ఉంటాడు. నెట్స్ దగ్గర వసుంధరని చూసి ఆయన మొహం వెలిగింది.

"అక్కా, మా బిడ్డకు నువ్వే మార్కులేస్తవట గదా. ఇగ మాకేం రంది!"

"రంది పడకపోయినా ఫరవాలేదు గాని రాఘవులు గారూ, కాస్త వెనక్కి జరగండి. బంతి తగుల్తుంది."

గాలి ఈడ్చి కొడుతోంది. మధులికకి మొదటి రెండు బంతులు తగల్లేదు. మూడోది ఆఫ్ స్టంప్ అవతల పడితే చేతులు పైకెత్తి వదిలేసింది. "కొట్టు బిడ్డా! నిలవడి సూస్తవేంది, కొట్టు!" అని రాఘవులు అరిచాడు. "డాడ్, ప్లీజ్ స్టాప్. అయామ్ గ్రాండ్," అంది పిల్ల, తల తిప్పకుండానే. గ్రాండ్ అంటే ఐర్లండ్‌లో 'బానే ఉంది' అని. తరవాతి తొమ్మిదిలో మరి రెండు వదిలేసింది. ఆడిన ఏడూ బ్యాటు నడుమనే తగిలాయి. చివరిదాన్ని ఎంత ఆలస్యంగా ఆడిందంటే, అయిపోయిందనుకున్న బంతి మెత్తగా థర్డ్ మ్యాన్ వైపు జారిపోయింది.

తొమ్మిది, అనుకుంది వసుంధర. ఎనిమిది అని రాసింది.

సోమవారం సాయంత్రం జాబితా అందరికీ మెయిల్లో వచ్చింది. జట్టులో పన్నెండు మంది. పన్నెండో పిల్లవాడికి ఎనిమిదిన్నర. మధులికది పదమూడో స్థానం. పై ఏడాదికి ఆ పిల్ల వయసు దాటిపోతుంది, ఈ జట్టులోకి మళ్లీ అవకాశం లేదు. అభ్యంతరాలుంటే గురువారంలోగా చెప్పమన్నారు.

రాఘవులు ఫోన్ చేశాడు. దెబ్బలాడతాడనుకుంది.

"పోనీలే అక్కా. నువ్వున్నవు గాబట్టి అన్యాయమైతే గాదు. మా పొల్లకే ఇంకింత రావాలె. బ్యాటు షెడ్డుల పడేసింది, ఇగ ఆడనంటుంది. రెండొద్దులైతే మర్చిపోతది తీ."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఫోన్ పెట్టి వంటింటి అలమర తలుపు తీసి, పప్పు డబ్బాల వెనకున్న ఫైలు లాగింది. అయిదేళ్ల కాగితాల నకళ్లు. నేల మీద పరుచుకుని లెక్క చూసింది. పదకొండు మంది పిల్లలకి ఒక్కో మార్కు కోసింది. ఆ ఒక్క మార్కు వల్లే జట్టులోకి రానివాళ్లు ముగ్గురు. మధులికతో నలుగురు.

"అయితే ఇప్పుడు నీ మీద నువ్వే బగ్ రిపోర్టు రాసుకుంటావా?" అన్నాడు వెంకట్.

"రాయక?"

"రాస్తే నిన్ను తీసేస్తారే."

"తీసేస్తారు."

మంగళవారం పరధ్యానంలో చెర్రీవుడ్ ఎగ్జిట్ దాటిపోయి తరవాతి ఊరు బ్రే దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఆఫీసులో తెరిచిన ఫైలే తెరిచింది. సాయంత్రం తామున్న ఇళ్ల ఎస్టేట్ చుట్టూ మూడుసార్లు తిరిగి, నాలుగోసారి తిరక్కుండా డెక్లాన్‌కి ఫోన్ చేసి, అందరినీ రమ్మంది.

బుధవారం అదే బల్ల. కాగితాలు మధ్యలో పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"జాబితా బానే ఉంది కదా వాస్. అందరూ గ్రాండ్," అన్నాడు డెక్లాన్. "ఇలా ఎందుకు చేశావసలు?"

"మీవాళ్లని చూసుకుంటున్నావా అని అడిగావు. గుర్తుందా?"

అతనికి గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు. "అన్నానేమో. జోకు అయ్యుంటుంది."

"జోకే. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాది, మార్కులు కోసిన చెయ్యి కూడా నాదే, దాన్ని నీ మీదకి నెట్టను. కాని ఇంకెవరినైనా ఈ బల్ల దగ్గర అలా అడిగావా? ఆ ఏడు నీ ఇంటి పిల్లలు ఇద్దరున్నారు జాబితాలో."

డెక్లాన్ మొహం ఎర్రబడింది. చివరికి తేల్చింది ఇది: ఈ ఏటి జాబితా అంచున ఉన్న ముగ్గురు పిల్లలకి శనివారం మళ్లీ పరీక్ష. పేర్లుండవు, చొక్కాల మీద నంబర్లు. మార్కులు వేసేది వేరే క్లబ్బు నుంచి వచ్చే ఇద్దరు. వసుంధర ఈ సీజను బల్ల దగ్గర కూర్చోకూడదు. ఆమె సరేనంది. తప్పు చేసింది కనక ఆ శిక్ష న్యాయమే. పిల్లల మార్కులతో తన మర్యాద కాపాడుకోవడం చిన్న తప్పేం కాదు. ఆ జోకుకి మాత్రం ఏ శిక్షా పడలేదు.

మధులిక చేత షెడ్డులోంచి బ్యాటు తీయించడానికి వసుంధర స్వయంగా వాళ్లింటికెళ్లింది. "నీకు తొమ్మిది రావాలి. ఎనిమిది రాసింది నేనే," అంది. పిల్ల చాలాసేపు చూసి, "వై వుడ్ యూ డూ దట్, ఆంటీ?" అంది. జవాబు చెప్పడానికి పావుగంట పట్టింది. రాఘవులు మధ్యలో లేచి బయటికెళ్లాడు. ఆయన ఇప్పటికీ వసుంధరతో సరిగ్గా మాట్లాడడు.

శనివారం మధులిక తండ్రిని కార్లోంచి దిగనివ్వలేదు. మొదటి బంతిని వదిలేసింది. ఒకరు తొమ్మిది వేశారు, ఒకరు ఎనిమిదిన్నర. జట్టులో పన్నెండో పేరు మారింది. పేరు పోయిన పిల్లవాడి తల్లికి వసుంధరే ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది. ఆవిడ వినకుండానే పెట్టేసింది. వసుంధర ఇప్పటికీ శనివారాలు వెళ్తుంది, కంచె బయట నిలబడుతుంది, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

వచ్చే నెల క్లబ్బు వార్షిక సమావేశానికి ఆమె ఒక తీర్మానం పంపింది. ప్రతి ఎంపికలోనూ పేర్ల బదులు నంబర్లు, ఒక్కో పిల్లకి ఇద్దరు సెలెక్టర్లు, వేసిన మార్కులు తల్లిదండ్రులకి చూపించడం. ఓటు సభ్యులకే ఉంటుంది. ఆ క్లబ్బులో మన కుటుంబాలు నలభైకి పైన. వాళ్లలో సభ్యులు ఆరుగురు.

ఐర్లండ్‌లో ఉన్న మనం పిల్లల్ని దింపి కార్లో హీటరు వేసుకుని ఫోన్ చూసుకుంటాం. జాబితా వచ్చాక వాట్సాప్‌లో గొణుక్కుంటాం. లేదంటే "మనవాళ్లున్నారుగా" అని నిద్రపోతాం. కాజిల్‌బార్ లాంటి చిన్న ఊళ్లో డాక్టరైనా, డబ్లిన్ ఇంజనీరైనా ఇదే తంతు. మీ పిల్లలు ఏ క్లబ్బులో ఏ ఆట ఆడినా సరే, ఈ శనివారం కారు దిగండి. సభ్యత్వ ఫారం అడిగి నింపండి. ఎంపిక ఎలా చేస్తారో కాగితం మీద రాసి చూపించమనండి. సమావేశం రోజు వెళ్లి చెయ్యెత్తండి. మీలో ఎవరైనా ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లుంటే, ఎవరి పిల్లకైనా చూసిన మార్కే వెయ్యండి. ఎవరైనా నవ్వుతూ అలాంటి మాటంటే, నవ్వకుండా అప్పుడే అడగండి.