ఏరేసిన సున్నపు రాళ్ళు

2018 ఏప్రిల్. తమిళనాడులో అవినాశికి ఉత్తరంగా, మెయిన్ రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు వెళితే వచ్చే ఒక మెట్ట చేను. బోరు నీరు తప్ప మరో నీరు ఎక్కని ఎత్తు నేల. నేను అయిదడుగుల గుంటలో నిలబడి కత్తితో గోడ గీస్తున్నాను. పైన గొడుగు వేసుకుని కూర్చున్న రంగనాయకి అమ్మాళ్ రెండోసారి అడిగింది.

"ఏమి తంబి, నా మామిడి చెట్లు బతుకునా, లేదా? దాన్ని చెప్పకుండా మన్నునే గీరతా ఉండావే."

రెండేళ్ళ కింద ఆమె పెరియకుళం నుంచి రెండు వందల మామిడి అంటు మొక్కలు తెప్పించి ఆ చేనులో నాటింది. మామిడి వేయవచ్చని చెప్పిన రిపోర్టు కింద ఉన్న సంతకం నాది. ఇప్పుడు మొక్కల ఆకులు నిమ్మపండు రంగులో ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. తోట పోతే చేనును బనియన్ కంపెనీ గోడౌనుకు లీజుకు ఇచ్చేయాలని ఆమె మరిది గోవిందసామి పట్టుబట్టాడు. ఆ ఏటి వానలు వచ్చేలోపు చెట్లు కోలుకోకపోతే తానూ ఒప్పుకుని సంతకం పెడతానని ఆమె మాట ఇచ్చేసింది. భర్త పోయాక పన్నెండేళ్ళుగా ఆ చేనును దున్నించింది ఆమే.

నేను కోయంబత్తూరులో ఒక మట్టి పరీక్ష ల్యాబులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ పని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. రైతు మన్ను తెస్తాడు. మేము దాన్ని నీడలో ఆరబెట్టి, కొయ్య సుత్తితో నలిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగినదాన్ని పరీక్షిస్తాం. ఇసుక ఎంత, బంకమన్ను ఎంత, సున్నం ఎంత, ఉప్పు ఎంత అని చూసి, నేల ఏ జాతిదో ఒక పేరు పెడతాం. దాన్నే క్లాసిఫికేషన్ అంటాం. పేరు సరిగ్గా ఉంటే అందులో ఏది పెరుగుతుందో, ఏది చస్తుందో సగం తెలిసినట్టే. పేరు తప్పితే మిగతా అంకెలు ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు.

చెప్పడానికి ఇంతే. కానీ మా దగ్గరికి వచ్చే మన్ను చూస్తే విసుగు పుడుతుంది. ఎరువు కుప్ప కింద నుంచి తెస్తారు. గట్టు మీద నుంచి తెస్తారు. ఖాళీ యూరియా సంచిలో వేసుకొచ్చి, రిపోర్టులో నత్రజని ఎక్కువుందని చూసి సంబరపడతారు. పెళ్ళిలో తాంబూలం ఇచ్చిన పసుపు గుడ్డసంచిలో వేసి, పైన కుంకుమ చల్లి తెచ్చినవారూ ఉన్నారు. మన్ను ఎలా తీయాలో ఫారం వెనక తమిళంలో, ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. దాన్ని తిప్పి చూసినవారిని నేను చూడలేదు. తరాలుగా ఇక్కడే ఉన్న మా తెలుగు ఇళ్ళలోని పెద్దవాళ్ళకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. తమిళం చదవడానికి కళ్ళజోడు తెచ్చుకోరు. నోటితో చెప్పాలి. నోటితో చెప్పడం మా ఆఫీసులో ఎవరి పనీ కాదు.

రంగనాయకి అమ్మాళ్ 2016 జూన్‌లో మొదటిసారి వచ్చింది. నేను ఫోనులో ఎవరితోనో తెలుగు మాట్లాడుతుంటే విని, కౌంటరు వదిలి నేరుగా నా టేబులు దగ్గరికి వచ్చింది. "మీరూ మనవాళ్ళేనా? అయితే మీరే చూడండి తంబి" అని ఒక తెల్ల గుడ్డ మూట పెట్టింది. విప్పితే నల్లటి మన్ను, పిండిలాగా ఉంది. తడిపి బొటనవేలితో నొక్కుతూ పోతే మూడంగుళాల దాకా తెగకుండా పట్టీలా సాగింది. దాన్ని మేము రిబ్బన్ అంటాం. రిబ్బన్ ఎంత పొడుగు వస్తే బంక అంత ఎక్కువ. ఆసిడ్ చుక్క వేస్తే కొద్దిగా నురగ వచ్చింది, అంటే సున్నం కొద్దిగానే ఉందని రాశాను.

తరువాత మ్యాపు తీశాను. ఆ ఊరి మెట్టంతా ఎర్రనేల అని మ్యాపులో ఉంది. ఆ మ్యాపులో ఒక ఊరు గోరంత చోటులో సరిపోతుందన్న సంగతి నాకు తెలుసు. ఎర్రనేలలో ఈ నల్ల బంక ఏమిటన్న అనుమానం రాకపోలేదు. దానికి సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంది. మా వైపు రైతులు ఎండాకాలం చెరువు వండ్రు తోలించి మెట్ట చేలలో పరుస్తారు. ఇదీ అలా పరిచిన వండ్రే, ఒక అడుగు కింద నీరు దిగే ఎర్రనేల ఉంటుంది, మామిడికి ఇబ్బంది లేదు అని నాకు నేనే తేల్చుకున్నాను. చెరువు వండ్రు జల్లించినట్టు సన్నగా ఉంటుంది. ఆ మూటలో ఒక్క గులకరాయి కూడా లేదు కాబట్టి నా లెక్క మరీ గట్టిపడింది.

"మీ చేనులో వండ్రు తోలించారా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆ ఏడు నేను ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఫిబ్రవరిలో నా భార్య వసంత పోయింది. ఆమె మా ల్యాబులోనే, జల్లెడ బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేసింది.

మళ్ళీ గుంట దగ్గరికి వస్తాను. తవ్వించే ముందే పైన నెర్రెలు చూశాను. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దిగింది. గుంటలో కనిపించే నిలువు గోడను ప్రొఫైల్ అంటాం. అందులో ఒక్కో పొరనూ పై నుంచి కిందికి చదువుకుంటూ పోవాలి. ఒకటిన్నర అడుగు దాకా నల్ల బంక, గట్టి పెళ్ళలు. రెండడుగుల దగ్గర ఒక పెళ్ళను విడదీస్తే లోపలి ముఖం నూనె రాసి రుద్దినట్టు మెరిసింది, దాని మీద గీతలు. వీటిని స్లికెన్‌సైడ్స్ అంటారు. వానకు బంక ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేక పెళ్ళలు ఒకదాన్నొకటి ఏటవాలుగా నెట్టుకుని రాసుకుంటాయి. ఏటా అలా రాసుకుని రాసుకుని ఆ నునుపు వస్తుంది. మూడున్నర అడుగుల దగ్గర తెల్లగా సున్నపు రాళ్ళు, బఠాణీ గింజ నుంచి నిమ్మకాయ దాకా. ఎర్రమన్ను ఎక్కడా లేదు.

నిండా బంక, ఎండాకాలం నెర్రెలు, లోపల ఈ మెరిసే ముఖాలు. మూడూ ఉంటే ఆ నేల పేరు వర్టిసోల్. ఎవరో తోలిన వండ్రు కాదు, అక్కడే పుట్టిన నల్ల బంకనేల. మెట్ట మీద ఉండకూడదని దానికెవరూ చెప్పలేదు.

గోవిందసామి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారు రిపోర్టు ఇంగ్లీషులో రాసినారు వదినా. చెట్లకు ఇంగ్లీషు రాదు. దానికే ఇట్ల అయిపోయినాయి" అన్నాడు.

"నీకు మాత్రం వచ్చునా? నోరు మూసుకోని నిలబడు" అంది ఆమె.

నేను గుంట ఎక్కి చుట్టూ చూశాను. బంక ఉబ్బి కింద నుంచి నెట్టుకొచ్చి, దున్నినప్పుడు పైకి లేచిన సున్నపు రాళ్ళు కాళ్ళ కింద ఎక్కడ చూసినా ఉన్నాయి. గుప్పెడు ఏరి ఆమెకు చూపించాను.

"అక్కా, ఇన్ని రాళ్ళున్నాయే. మీరు తెచ్చిన మూటలో ఒక్కటీ లేదు."

"ఎట్ల ఉంటాది? అంతా ఏరితిమి కదా."

"ఏరారా?"

"మరి? ఇంకొకరి చేతికి ఇచ్చేది రాళ్ళతో ఇస్తారా? జల్లెడ పట్టి, చాటలో పోసి, నేనూ కోడలూ రెండు దినాలు కూర్చోని సుత్తంగా, ఒక్క రాయి లేకుండా ఏరినాము. మన ఇంట్లో నుంచి బియ్యం పోనీ, పప్పు పోనీ, దాంట్లో రాయి ఉండకూడదని మా అత్త చెప్పేది."

"మన్నుకూ అదేనా అక్కా?"

"మన్నైతే ఏమి? మన ఇంటిదే కదా."

రాళ్ళతో వచ్చి ఉంటే నా వండ్రు లెక్క అక్కడే కూలిపోయేది. చెరువు వండ్రులో నిమ్మకాయంత సున్నపు రాళ్ళుండవు. "నేను అడిగింది మన్ను, మర్యాద కాదు" అన్నాను. ఆ వయసు మనిషితో అలా మాట్లాడి ఉండకూడదు. ఆమె నొచ్చుకోలేదు.

"రాయి కూడా కావాలని ఎవరు చెప్పినారు? కౌంటర్లో ఉండే పిల్ల అరకిలో మన్ను అనింది. మన్నే తెస్తిని."

ఏరిన రాళ్ళు ఏం చేశారని అడిగాను. ఇంటి వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. బట్టలుతికే బండ చుట్టూ, కాళ్ళకు బురద అంటకుండా పరిచింది. రెండేళ్ళ సబ్బునీళ్ళకు తెల్లగా కడిగినట్టున్నాయి. పడితో కొలిచి నాలుగు పడుల మన్ను తవ్వితే ఒక పడి రాళ్ళు వచ్చాయని ఆమెకు బాగా గుర్తుంది. ఏ రిపోర్టులోనూ లేని ఆ లెక్క ఆమె నోట్లో ఉంది.

మర్నాడు ల్యాబుకు వెళ్ళగానే 2016లో మొదలైన రిజిస్టరు తీశాను. అందులో జల్లెడ మీద మిగిలినదాని బరువు రాయడానికి ఒక గడి ఉంటుంది. పారేసే ముందు తూచి రాయాలని నియమం. ఫిబ్రవరి మొదటి వారం దాకా ప్రతి వరుసలో వసంత చేతిరాతలో అంకె ఉంది. ఆ తరువాత ఆ గడి ఖాళీ. రంగనాయకి అమ్మాళ్ వరుసలోనే కాదు, ఆ తరువాత రెండేళ్ళలో వచ్చిన ప్రతి వరుసలోనూ ఖాళీయే. వసంత చోటులోకి ఎవరినీ వేయలేదు. ఉన్నవాళ్ళం వంతులవారీగా జల్లెడ పట్టి, పైన మిగిలింది చెత్తబుట్టలో పోశాం. ఆ ముసలామె తన ఇంట్లో రెండు రోజులు కూర్చుని చేసిన పనే మేము జీతం తీసుకుని రెండు నిమిషాల్లో చేస్తున్నాం. ఆమె రాళ్ళు దాచింది, మేము అదీ చేయలేదు.

వసంత ఒకసారి ఇలాంటి మూట తెచ్చిన రైతును వెనక్కి పంపింది. "మెట్ట చేనులో రాయి లేని మన్నా? పూజ గదిలో నుంచి తెచ్చారా ఏమి?" అని అడిగింది. అతను సిగ్గుపడి మళ్ళీ తవ్వి తెచ్చాడు. అప్పుడు పక్కన కూర్చున్న నేను నవ్వాను. అది ల్యాబులో జరిగే అతి ముఖ్యమైన పరీక్ష అని నాకు తోచలేదు. ఆ గడుల సంగతి మేనేజరుకు చెబితే, "ఇన్నాళ్ళూ ఎవరూ కంప్లెయింట్ చేయలేదే సార్" అన్నాడు. కంప్లెయింట్ చేయాల్సిన మనిషి పోయిందని చెప్పాలనిపించింది. పాత రిపోర్టులలో బంకనేలలకు మామిడి, నిమ్మ రాసినవన్నీ విడిగా తీసి, ఆ రైతులకు ఒక్కొక్కరికీ ఫోను చేశాను. అది వేరే కథ, అందులో నాకు దక్కిన తిట్లన్నీ న్యాయమైనవే.

వారం తరువాత సరిచేసిన రిపోర్టుతో మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెలుగులో, నోటితో చెప్పాను. ఈ బంక వానకు ఉబ్బి వేళ్ళకు ఊపిరాడనివ్వదు, ఎండకు చీలి వేళ్ళను తెంచుతుంది. సున్నం ఇనుమును పట్టేసుకుని ఆకుకు అందనివ్వదు, ఆ పసుపు రంగు అందువల్లే. ఇనుము మందు కొడితే నెల రోజులు పచ్చబడి మళ్ళీ పాలిపోతాయి. రోడ్డు వైపు గట్టు మీద ఇంకో గుంట తవ్వి చూశాం. అక్కడ మాత్రం నిజంగానే ఎర్రనేల. అక్కడున్న నలభై చెట్లు నిలుస్తాయి.

"మిగిలినవి?"

"తీసేయాలి అక్కా. తప్పు నాది."

ఆమె పక్కనున్న మొక్క నుంచి ఒక పసుపు ఆకు తుంచి చూసింది. గోవిందసామి ఊరుకోలేదు. "అట్లయితే ఇంకేమి? సారే చెప్పేసినారు. గోడౌనుకు ఇచ్చేద్దాము" అన్నాడు.

నేను అతన్ని చేను మధ్యనున్న మోటారు గదికి తీసుకెళ్ళాను. గోడ కింద నుంచి కప్పు దాకా చీలి ఉంది. దాన్ని రెండుసార్లు పూయించారు, రెండుసార్లూ మళ్ళీ చీలింది.

"మేస్త్రీ సరిలేదు సార్. సిమెంటు దొంగిలించినాడు" అన్నాడు.

"మేస్త్రీ ఏమీ చేయలేదు. ఏటా కింద నేల లేచి దిగుతోంది. ఇంత గదినే ఇట్లా చేస్తే గోడౌనును ఏం చేస్తుందో మీ కంపెనీ ఇంజనీరును తెచ్చి ఈ గోడ చూపించండి. పునాది ఈ బంకంతా దాటి దింపాలి."

గోవిందసామి చీలికలో చెయ్యి పెట్టి చూశాడు. "ఆ మేస్త్రీని సంతలో నిలబెట్టి తిట్టితినే" అన్నాడు. ఇంజనీరు వచ్చి చూసి, కంపెనీకి వేరే చోటు చూసుకున్నాడని తరువాత తెలిసింది.

వెళ్ళే ముందు రంగనాయకి అమ్మాళ్ కాఫీ ఇచ్చి అడిగింది. "సరి, ఈ మన్నుకు ఏమి వేస్తే ఒప్పుకుంటాది?"

"మీ మామగారు ఏం వేసేవారు?"

"పత్తి. పత్తి తీసినాక శనగ. ఆయన దీన్ని రేగడి అనే చెప్పేవాడు."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. అయిదడుగుల గుంట, ఆసిడ్ సీసా, మ్యాపు, రెండేళ్ళ కాలం, నూట అరవై చెట్లు. వీటన్నిటి తరువాత నేను కనుక్కున్న పేరు ఆ ఇంట్లో మొదటినుంచీ ఉంది.

"ఆ మాట ఆరోజే నాతో చెప్పి ఉండొచ్చు కదా అక్కా."

"నువ్వు అడిగితివా?" అంది ఆమె. "పేరు కోసం నీ దగ్గరికి రాలేదు తంబి. మామిడి కోసం వస్తిమి."

ఇప్పుడు ఎవరు మన్ను తెచ్చినా మూట విప్పకముందే రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ పెద్దవాళ్ళు ఈ నేలను ఏమని పిలిచేవారు? ఇందులో నుంచి ఏమేమి తీసేశారు? జల్లెడ బల్ల దగ్గర ఎవరున్నా ఆ గడి నింపకుండా రిపోర్టు నా టేబులుకు రాకూడదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేసి నేర్చుకున్నది ఇంతే. ఇది వసంతకు మొదటి నెలలోనే తెలుసు.

రంగనాయకి అమ్మాళ్ పత్తి వేసింది, తరువాత శనగ. చేను ఆమె పేరుతోనే ఉంది. ఏటా జూన్‌లో రెండు మూటలు పంపుతుంది, ఒకదానిలో మన్ను, రెండోదానిలో రాళ్ళు. రాళ్ళు మాత్రం కడిగి, ఎండబెట్టి పంపుతుంది. కడగవద్దని నాలుగుసార్లు చెప్పాను. తూచి గడిలో రాస్తున్నాను.