పంకా బెజ్జం గుండా ఏసీ పైపు

మా ముత్తాత రఘునాథ నాయుడుగారు బొబ్బిలికీ రాజాంకీ మధ్య తొమ్మిది ఊళ్ల శిస్తు హక్కున్న ముఠాదారు. మా తాత జగన్నాథ నాయుడుగారు ఆ ఊళ్లలో గుర్రం దిగకుండా శిస్తు వసూలు చేసిన ఆఖరి మనిషి. మా నాన్నగారు మునసబు. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మెట్టు మెట్టుకీ ఎంత దిగామో నాకు తెలుసు. ఒకరు గుర్తు చేయనక్కర్లేదు.

దెయ్యాలనే మాట మా ఇంట్లో పనివాళ్ల పెరడు దాటి లోపలికి వచ్చేది కాదు. నేనైతే నీరు ఎందుకు ఆవిరవుతుందో, ఎందుకు గడ్డ కడుతుందో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మానని ఒప్పుకోను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి వేసవిలో మా ఆవిడ సుభద్ర నూతి గట్టు దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. ఇంటికి తెచ్చిన రెండో వారానికే వీపు కింద చర్మం చిట్లి పుళ్లు మొదలయ్యాయి. ఒంటికి చెమట పట్టనివ్వద్దనీ, పుండు లోతుకు దిగితే ఈ వయసులో ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. అందుకే ఏసీ కొన్నాను.

మా ఇంట్లో నిలబడి ఉన్నవి మూడు గదులు. వాటిలో పెద్దది పాత కచేరీ గది. ఆమె మంచం అక్కడే వేశాం. ఏసీ బిగించడానికి రాజాం నుంచి అప్పలరాజు వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, పని తెలిసినవాడు. పైపు బయటికి తీయడానికి గోడకు బెజ్జం వెయ్యాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా ముత్తాత కట్టించిన రెండడుగుల సున్నపు గోడ. దానికి డ్రిల్లు పెట్టనిస్తే ఇంకేం మిగులుతుంది?

గోడలో పైన ఒక పాత బెజ్జం ఉంది. కరెంటు రాని రోజుల్లో గది మధ్య గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు ఆ బెజ్జంలోంచి వరండాలోకి వెళ్లేది. అక్కడ ఒక మనిషి నేల మీద కూర్చుని రోజంతా ఆ తాడు లాగేవాడు. ఏసీ పైపు అందులోంచే తియ్యమన్నాను. ఇంత తయారుగా ఉన్న బెజ్జం ఏ ఇంట్లోనూ చూడలేదని అప్పలరాజు సంబరపడ్డాడు.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. మూత తీసి చూస్తే లోపలి రాగి గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. కాసేపటికి అది కరిగి గోడ వెంట కారి సుభద్ర కాళ్ల దగ్గర పక్కను తడిపింది. మిషను ఆపితే మంచు కరగడానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఆమె వీపు చెమటతో నానిపోయేది. పుళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

అప్పలరాజు నాలుగుసార్లు వచ్చాడు. ఫిల్టరు కడిగాడు. నీళ్ల పైపులోకి గాలి కొట్టి చూశాడు, అడ్డేమీ లేదు. పైపు వాలు సరిచూశాడు. మీటరు పెట్టి గ్యాసు కొలిచాడు, సరిగ్గా ఉంది. చలి ఎంతుందో కనిపెట్టే సెన్సరు కొత్తది వేశాడు. మర్నాటికి మళ్లీ మంచే.

"గేసు తగ్గితే మంచు కడతాది, గాలి తగ్గితే మంచు కడతాది. రెండూ బాగున్నాయి బాబూ. మరింక దీనికేటి కావాల?" అన్నాడు నాలుగోసారి, స్టూలు మీదే కూలబడి.

చివరికి, తను లోపల నీళ్లు పోస్తాననీ, బయట పైపులోంచి ఎలా పడుతున్నాయో నన్ను చూడమనీ అన్నాడు. వరండాలోకి వెళ్లాను. మోకాళ్లు పట్టేస్తే ఆ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. డెబ్బై రెండేళ్లలో ఆ వరండా నేల మీద నేను కూర్చోవడం అదే మొదలు.

పైపులోంచి నీళ్లు ధారగా పడ్డాయి. లోపల్నుంచి అప్పలరాజు, మంచు దానంతటది దిగిపోతోందనీ గాలి బాగా వస్తోందనీ కేకేశాడు. నేను లేచి లోపలికి వెళ్లాను. పది నిమిషాల్లో మళ్లీ తెల్లగా కట్టడం మొదలైంది. వెళ్లి కూర్చున్నాను. తగ్గింది.

ఆ మధ్యాహ్నమంతా పరీక్షలు చేశాం. అప్పలరాజు కూర్చుంటే లాభం లేదు. నేను కుర్చీ వేసుకుంటే లాభం లేదు. నేను, నేల మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంటేనే పని చేసింది.

"దీనికి గేసు కాదు, మీరు కావాల," అని నవ్వాడు అప్పలరాజు. నా ముఖం చూసి పనిముట్లు సర్దుకోసాగాడు.

అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆ గోడలో నా వీపు ఆనిన చోట చిన్న గుంట ఉంది. ఏళ్ల తరబడి ఒక మనిషి వీపు రాసుకుని నున్నగా అరిగిన గుంట. అతని పేరు సింహాచలం. మా ఇంటి పంకా లాగిన ఆఖరి మనిషి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనత్త పెళ్లి. విజయనగరం నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు దిమ్మలు రైల్లో వచ్చాయి. సింహాచలం రెండు రోజులుగా మారు మనిషి లేకుండా తాడు లాగుతున్నాడు. మధ్యాహ్నం, చుట్టాలంతా గదిలో ఉండగా పంకా ఆగిపోయింది. అతను కునుకు తీస్తే లోపల్నుంచి తాడు రెండుసార్లు గుంజి లేపడం మా ఇంటి పద్ధతి. చుట్టాలను నవ్వించాలని నేను భోషాణం ఎక్కి, కరిగిన ఐసు నీళ్లు చెంబుతో ఆ బెజ్జంలోంచి అతని నెత్తిన పోశాను.

బయట పెద్ద కేక. గదంతా నవ్వులు. మా తాతగారూ నవ్వారు. కిటికీలోంచి చూస్తే సింహాచలం తలెత్తి చూస్తున్నాడు. చెంబు నా చేతిలోనే ఉంది. మళ్లీ తాడు అందుకున్నాడు. దీపాలు పెట్టే వేళ దాకా ఆ తడి బట్టలతోనే లాగాడు. నాలుగో రోజు నుంచి పనికి రాలేదు. రెండు వారాలకు చలిజ్వరంతో పోయాడు. ఆ నీళ్ల వల్లే పోయాడని ఎవరూ అనలేదు. నేను అడగలేదు.

ఇది సుభద్రకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాటి నుంచి పొద్దున్న పదింటికి వెళ్లి ఆ గుంటలో వీపు పెట్టి కూర్చునేవాణ్ని. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవారు. ఒకప్పుడు మా వరండా ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాళ్ల మనవలు. లోపల సుభద్ర చల్లగా నిద్రపోయేది. మెలకువ వస్తే, ఎండలో అక్కడేటి, లోపలికి రండని పిలిచేది. గాలి ఇక్కడే బాగుందని చెప్పేవాణ్ని.

సింహాచలం కూతురు పైడమ్మ రాజాంలో ఉందని తెలిసి ఒక ఆదివారం వెళ్లాను. నా వయసుదే. సందులో ఇడ్లీలు వేస్తోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. నేను నిలబడే అంతా చెప్పాను.

పైడమ్మ ఇడ్లీ రేకు దించింది.

"ఐసు నీల్లా? మా అయ్య వాన్లో తడిసినానన్నాడు బాబూ. మిట్ట ఎండల్లో వానేటని మాయమ్మ నవ్వినాది. జొరంలో కూడా అదే మాట. వానే, వానే అని."

నన్ను క్షమించమన్నాను. జీవితంలో ఎవరినీ ఆ మాట అడిగినవాణ్ని కాను.

"నన్నడిగితే ఏటవుద్ది? నీల్లు నా మీద పొయ్యనేదు గదా," అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, తర్వాతి వాయికి పిండి కలుపుకుంది.

చెప్పుకున్నాను కనుక ఇక తీరిపోతుందని ఆశపడ్డాను. మర్నాడు లోపలే కూర్చుని చూశాను. పావుగంటకు మంచు కట్టింది. లేచి వరండాలోకి నడిచాను.

వానలు పడే దాకా అలాగే కూర్చున్నాను. పుళ్లు మానాయి. సుభద్ర కర్ర పట్టుకుని మొదటిసారి గుమ్మం దాకా నడిచి, నేల మీద ఉన్న నన్ను చూసి, "ఇంక లెండి. నాకు నయమైపోయినాది గదా," అంది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

చదువుకున్నవాణ్ని కనుక కారణాలు వెతికాను. నా బరువుకు వరండా నేలలోని నాపరాయి కదిలి పైపు వాలు మారుతోందేమో అనుకున్నాను. పైపు ఆ రాతికి తగలనే లేదు. ఓల్టేజి అనుకున్నాను. స్టెబిలైజరు అంకె మారలేదు.

ఇప్పుడు మేం బొబ్బిలిలో అద్దెకు ఉంటున్నాం. కిందటి కార్తీకంలో ఆ మూడు గదులూ, వరండా, పెరడూ, గోడకున్న ఏసీతో సహా ఒక వడ్ల వ్యాపారికి అమ్మేశాం. వాళ్లకూ మంచు కడుతోందో లేదో నేను అడగలేదు.