తుడిచి మళ్లీ పెట్టమన్న వేలు

పోయిన మంగళవారం మా మేనత్త చనిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయినా వార్డు దాకా చేరలేదు. చేర్చుకునే కౌంటర్ ముందు, ప్లాస్టిక్ కుర్చీలోనే తల వాల్చేసింది. రాయాలంటేనే అసహ్యంగా ఉంది. రాయకుండా ఉండలేను.

మగ్గాల చప్పుడులో పెరిగి, బీడీలు చుట్టుకుంటూనే కాలేజీ చదివిన మనిషి. ముంబైలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసులో చేరి పెద్ద అధికారి అయింది. అక్కడ పట్టుబట్టి ఒక నియమం రాయించింది: వేలిముద్ర పడలేదని ఏ రోగినీ వెనక్కి పంపకూడదు, ముందు చేర్చుకోవాలి, గుర్తింపు తర్వాత. ఆకు, తంబాకు కలిసి మా ఆడవాళ్ల వేలిగీతలను అరగదీస్తాయి మరి. "ఏండ్లకేండ్లు కొట్లాడిన బిడ్డా. వాళ్లకు మిషన్ కనవడ్తది, మనిషి కనవడదు" అనేది. మా అమ్మ ఆపరేషన్ జరిగింది ఆ నియమం వల్లే.

రిటైరయ్యాక అశోక్ చౌక్ వెనక మా తెలుగువాళ్ల గల్లీకే వచ్చేసింది. గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ బీడీలు చుట్టేది. "ఉట్టిగ కూసుంటే చేతులు గుంజుతయే" అని నవ్వేది. ఆసుపత్రికి పోయేముందు మావాళ్లు గీతలు తేలుతాయని వేళ్లను నిమ్మచెక్కతో రుద్ది, బండకేసి రాస్తారు. అది చూస్తే ఆమెకు మండేది. "ఏం తెలివే నీది! ఉన్న గీతలు గూడ పోతయ్!"

ఆ రోజు ఛాతీ పట్టేసి ఆయాసపడుతుంటే హోట్గి రోడ్డు మీది ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాను. యంత్రం ఆమె వేలిని ఒప్పుకోలేదు. కౌంటర్‌వాడు ఫోన్ చూసుకుంటూనే, "ఆజీ, పుసూన్ పరత్ లావా" అన్నాడు మరాఠీలో, తుడిచి మళ్లీ పెట్టమని. నియమం ఉందయ్యా అని అరిచాను. సిస్టమ్ తీసుకోదన్నాడు. ఈమె ఎవరో తెలుసా అనబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు జెప్పకు. నా పేరు జూసి నన్ను తీస్కుంటే, నా ఎన్కున్నామె ఎట్ల పోతది?"

మా వెనక, కుంభారి ఊరి నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు కడుపు పట్టుకుని నిలబడి ఉంది. అత్త చెంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. అంతే. అప్పుడొచ్చింది స్ట్రెచర్. థూ!

మూడోరోజుకల్లా చౌక్‌లో ఫ్లెక్సీ లేచింది. 'పేదల ఆరోగ్యదాతకు శ్రద్ధాంజలి' అట. కింద అదే ఆసుపత్రి పేరు! అక్కడి పెద్ద డాక్టరు దండ పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి, ఆమె చూపిన బాటలోనే నడుస్తున్నాం అన్నాడు. సిగ్గన్నది ఉండొద్దా మనిషికి?

"తీస్కపో సాబ్" అంది పక్కింటామె, చాట దించకుండానే. "ఆ దండ నీ మిషన్ మెడల ఎయ్యి."

అందరూ అత్త సంగతులు చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం కౌంటర్ దగ్గరిదే కళ్లలో ఆడుతోంది. స్ట్రెచర్ వెంట పరుగెడుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కుంభారి ఆమె ఖాళీ కుర్చీ దాకా జరిగింది. చెంగుతో వేలు తుడుచుకుంటోంది.