పురానాపూల్ బడిలో రెండో హాజరీ

నేను స్కూళ్ల ఇన్‌స్పెక్టరు కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజులవి. బడుల నుంచి వచ్చే హాజరు లెక్కలను ఒకచోట చేర్చడం నా పని. లెక్క సరిగ్గా తీస్తే సగం తగాదాలు అక్కడే తెగుతాయని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

పురానాపూల్ దగ్గరి బడిలో అంతకుముందు ఉర్దూ చదువొక్కటే ఉండేది. కొత్తగా తెలుగు తరగతి తెరిచారు. ఏడాది తిరక్కముందే, పిల్లలు రావడం లేదు కనుక దాన్ని మూసేయాలని కాగితం కదిలింది. మూస్తే ఆ పిల్లలకు నడిచి వెళ్లేంత దూరంలో మరో తెలుగు తరగతి లేదు.

అప్పుడే ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ లెక్చరరు ఒకాయన మా కచేరీకి వచ్చారు. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది ఆయన పరిశోధన. మా దగ్గర లెక్కలున్నాయి, ఆయన దగ్గర వీధులు తిరిగి అడిగే ఓపిక ఉంది. కలిసి పనిచేస్తామంటే ఇన్‌స్పెక్టరుగారు ఒక నెల గడువిచ్చారు.

ఇద్దరం వెళ్లి తరగతిలో కూర్చున్నాం. ప్రార్థన కాగానే హెడ్‌మాస్టరు హాజరు వేయించి, పట్టికను బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ రోజుకు గైర్‌హాజరు. పాతకాలం నుంచి అదే రివాజు. తాళం పడ్డాక కూడా పిల్లలు ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు, జుట్టు నిండా పొట్టుతో.

"ఎక్కడికెళ్లి వస్తున్నవు బిడ్డా?" లెక్చరరు ఒక అమ్మాయిని అడిగారు.

"గంజ్‌లకెల్లి సార్. అమ్మ గింజలు చెరుగుతది, నేను తమ్ముణ్ని పట్టుకుంట."

ఉస్మాన్‌గంజ్ ధాన్యం బజారులో ఆ తల్లి చేట ఆపకుండానే మాకు జవాబు చెప్పింది. రాత్రి డైరీలో రాసుకున్నాను కాబట్టి ఆ మాటలు ఉన్నదున్నట్టే చెబుతున్నాను: "పొద్దుగాల చెరగకుంటే కూలి లేదు సార్. నా బిడ్డ బడికి పోతలేదని ఎవలన్నరు?"

"మా పట్టిక అన్నదమ్మా," అన్నాను.

"గట్లనా! జర కండ్లు తెరవమని చెప్పుండ్రి దానికి."

విరామం తర్వాత రెండోసారి హాజరు తీయాలని మేం అడిగితే హెడ్‌మాస్టరు మండిపడ్డారు.

"ఏం లొల్లి భాయ్ ఇది? లేటుగా వచ్చినోళ్లకు ఇనామా?"

"ఇనాం కాదు సాబ్, లెక్క," అన్నాను. "మొదటిది కొట్టెయ్యం, రెండోది పక్కన రాస్తం. ఉర్దూ తరగతులల్ల గూడ తీద్దాం. లేకుంటే తెలుగు దిక్కు మొగ్గినమంటరు."

ఆ చివరిమాటకు ఆయన ఒప్పుకున్నారు.

నెలాఖరుకు రెండో హాజరీలో తరగతి దాదాపు నిండుగా కనిపించింది. ఇన్‌స్పెక్టరుగారు రెండు వరుసలూ చూసి, "వస్తున్నరు, సరే. పొద్దటి పాఠం పోయినట్టే కదా?" అన్నారు.

దానికీ సిద్ధపడే వెళ్లాం. "మొదటి గంటలో డ్రిల్లు, బొమ్మలు పెడదాం. తెలుగు, లెక్కలు రెండో హాజరీ తర్వాత," అన్నారు లెక్చరరు.

ఇన్‌స్పెక్టరుగారు మూసివేత కాగితాన్ని అడ్డంగా కొట్టేశారు. కలం మూత పెట్టబోతూ ఆగి, "మిగతా బడుల సంగతేంది?" అని నన్నడిగారు.

తెలియదన్నాను. సోమవారం పొద్దున్నే లెక్చరరూ నేనూ చెరొక సైకిలెక్కి బయల్దేరాం.